ఇంటి చెట్టు కొమ్మ కొట్టించాలంటే ఎవరిని అడగాలి? చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వీధుల్లో నాలుగు ఆఫీసుల మధ్య నలిగే పని

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఈదురుగాలుల వాన ఎలా వస్తుందో తెలిసిందే. మధ్యాహ్నం దాకా మాడ్చేసే ఎండ, సాయంత్రానికి నల్లటి మబ్బు, ఓ పావుగంట దుమ్ముగాలి. ఆ పావుగంటలోనే ఎక్కడో తురాయి కొమ్మ విరిగి కారు మీద పడుతుంది, ఇంకెక్కడో వేపచెట్టు కరెంటు తీగల మీదికి వాలుతుంది. మర్నాటి నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: చెట్టు కొట్టేవాళ్ల నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం నాలుగు ఆఫీసుల్లో ముక్కలుముక్కలుగా ఉంది. ఆ నాలుగూ తిరిగే ఓపిక లేక చాలామంది అడ్డా మీద దొరికిన ఇద్దరు కూలీలను పిలిచి, చెట్టుకు గుండు కొట్టించేస్తారు. మూడేళ్లు తిరిగేసరికి గాలికి విరిగేది ఎక్కువగా అలా గుండు కొట్టించిన చెట్టే. ఎందుకో కింద వివరంగా చూద్దాం.

ఈ మూడు పేటలే ఎందుకు?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పాత పేటలు. ఒకప్పుడు చుట్టూ ఖాళీ జాగా వదిలి కట్టుకున్న సొంత ఇళ్లు. ప్రహరీ లోపల ఓ వేప, ఓ మామిడి, రెండు కొబ్బరిచెట్లు, గేటు పక్కన బాదం. ఆ ఇళ్లు ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లయ్యాయి. గోడ వారగా మిగిలిన చెట్టు మాత్రం అక్కడే ఉంది. మొదలు చుట్టూ పార్కింగ్ కోసం సిమెంటు పోశారు, పై నుంచి కరెంటు తీగలు వెళ్లాయి, ఆ తీగలకు తోడు ఇంటర్నెట్ కేబుళ్లు కొమ్మల్లోంచి ఊయలల్లా వేలాడుతున్నాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల వీధుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు పెరిగాక గల్లీలో బండ్లు నిలిపే చోటు కూడా చెట్టు కిందే.

మెయిన్ రోడ్డు సంగతి వేరు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా వెళ్లే మెట్రో గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. పైన వంతెన వచ్చాక రోడ్డు అంచు చెట్టుకు ఎదగడానికి ఒక వైపే ఖాళీ మిగులుతుంది, అది ఇళ్ల వైపు. ఇక హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు మోసుకెళ్లే నాలా ఈ పేటలను ఆనుకునే పారుతుంది. కొట్టిన కొమ్మలను రాత్రిపూట అందులోకి తోసేసేవాళ్లకు కొదవలేదు. 2020 అక్టోబరు వరదల్లో ఈ నాలా పొంగి పక్క కాలనీలు మునిగిన సంగతి ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు.

ఎవరి చెట్టు, ఎవరి పని?

ముందు చెట్టు ఎక్కడ నిలబడి ఉందో చూడండి. రోడ్డు పక్కన, డివైడర్ మీద, పార్కులో ఉన్నది జీహెచ్‌ఎంసీది. దాని కొమ్మల సంగతి చూసేది అర్బన్ బయోడైవర్సిటీ విభాగం. మీ ఇంటి కిటికీకి తగులుతోందని ఆ చెట్టును మీరే కొట్టించడానికి లేదు. జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి గానీ, యాప్‌లో గానీ ఫిర్యాదు పెట్టి, నంబరు రాసి పెట్టుకోవాలి. ఫొటోలో కొమ్మ ఒక్కటే కాదు, ఇంటి నంబరో స్తంభం నంబరో కూడా పడేలా తీయండి. "చిక్కడపల్లిలో చెట్టు" అని పెడితే వచ్చినవాళ్లు వెతుక్కుని వెళ్లిపోతారు.

కొమ్మ కరెంటు తీగకు తగులుతుంటే అది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పని. 1912కు ఫోన్ చేయాలి, లేదా సెక్షన్ ఆఫీసులో ఏఈకి కాగితం ఇవ్వాలి. తీగలో కరెంటు ఆపి, 'లైన్ క్లియర్' తీసుకున్నాకే అక్కడ కత్తి ఎత్తాలి. 11 కేవీ అంటే పదకొండు వేల వోల్టులు. పచ్చి కొమ్మలో నీరుంటుంది, కరెంటు పారుతుంది. ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా చాలు. చెట్టు మీ ప్రహరీ లోపలిదే అయినా సరే, తీగ పక్కనుంటే లైన్ క్లియర్ లేకుండా మనిషిని ఎక్కించడం అంటే అతని ప్రాణంతో చెలగాటమే.

చెట్టు పడిపోయిందా? అప్పుడు విపత్తు స్పందన దళం, అంటే డీఆర్‌ఎఫ్. 2018లో జీహెచ్‌ఎంసీ కింద మొదలైన ఈ దళం 2024 జులైలో ఏర్పడిన హైడ్రా కిందికి వెళ్లింది. రంపాలతో వచ్చి రోడ్డుకు అడ్డం పడ్డ మానును కోసి పక్కకు లాగడంలో వీళ్లకు మంచి పేరే ఉంది. అయితే వాళ్లు తీసేది దారికి అడ్డమున్నంత వరకే. మిగిలిన దుంగలు, ఆకు చెత్త ఫుట్‌పాత్ మీద ఎన్నాళ్లుంటాయన్నది మళ్లీ జీహెచ్‌ఎంసీ వైపు చూడాల్సిన విషయం.

ప్రహరీ లోపల, తీగకు దూరంగా ఉన్న చెట్టు మీదే, ఖర్చూ మీదే. కొమ్మలు సవరించుకోవచ్చు. మొత్తం చెట్టునే తీసేయాలనుకుంటే మాత్రం నాలుగో ఆఫీసు తలుపు తట్టాలి, అది అటవీ శాఖ.

సొంత చెట్టుకూ అనుమతా?

అవును. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టమే, అంటే వాల్టానే, తెలంగాణలో ఇప్పటికీ అమల్లో ఉంది. చెట్టు మీ స్థలంలోదైనా అనుమతి లేకుండా నరకకూడదని, నరికినదానికి బదులు మొక్కలు నాటాలని ఆ చట్టం చెబుతుంది. ఇది కాగితం మీది మాట అనుకునేవాళ్లు సైదాబాద్ సంగతి గుర్తు చేసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో అక్కడ కొత్త ఇల్లు కట్టుకోవడానికి అడ్డమని ఒకాయన నలభై ఏళ్ల నాటి వేపచెట్టును రాత్రికి రాత్రి కొట్టించేశారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చూసి అటవీ శాఖ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి విచారించి రూ.62,075 జరిమానా వేశారు. చిక్కడపల్లికి సైదాబాద్ ఎంతో దూరం కాదు.

అంతకంటే పెద్ద లెక్క కూడా ఉంది. మథుర-బృందావన్ దగ్గర ప్రైవేటు స్థలంలో 454 చెట్లు నరికిన కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను ఖరారు చేసింది. అది తాజ్‌మహల్ పరిసరాల ప్రత్యేక రక్షణ ప్రాంతం, మన గల్లీకి అదే కొలత వర్తించదు. అయినా కోర్టులు ఏ వైపు చూస్తున్నాయో తెలుస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. మన దగ్గర చర్చంతా నరికివేత చుట్టూనే తిరుగుతుంది. కొమ్మలు ఎంతవరకు తీస్తే సవరణ, ఎక్కడి నుంచి నరికివేత అన్నది సామాన్యుడికి ఎవరూ చెప్పరు. ఢిల్లీలో దీని మీద పెద్ద గొడవే జరిగింది. అక్కడ 15.7 సెంటీమీటర్ల చుట్టుకొలత లోపు కొమ్మలను అనుమతి లేకుండా తీయొచ్చన్న మార్గదర్శకాలను 2023లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఆ వెసులుబాటు చాటున చెట్లను మోడు చేసేస్తున్నారన్నది కోర్టుకెక్కినవాళ్ల బాధ. ప్రతి కొమ్మకూ అర్జీ పెట్టాలంటే ప్రమాదంగా వేలాడే కొమ్మ కూడా ఫైలు కదిలేదాకా వేలాడుతూనే ఉంటుంది, అదీ నిజమే. నా మటుకు నాకు, మొదలు మాత్రమే మిగిల్చి తలంతా తీసేయడాన్ని 'కొమ్మలు కొట్టించడం' అనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. అధికారి వచ్చి చూసినా దాన్ని నరికివేతగా లెక్కేసే అవకాశం ఎక్కువ.

పక్కింటి చెట్టు కొమ్మ మీ వైపు వాలితే? ఇంగ్లండులో లెమన్, వెబ్ అనే ఇద్దరు పొరుగువాళ్ల కేసులో తేల్చిన సూత్రమే ఇక్కడా సాధారణంగా నడుస్తుంది. మీ హద్దులోకి వచ్చినంత మేర, అవతలి స్థలంలో కాలు పెట్టకుండా, మీరు తీసుకోవచ్చు. తీసిన కొమ్మా, దానికున్న కాయలూ చెట్టుగలాయనవే. మామిడికాయల దగ్గర ఈ సూత్రం ఎవరికీ గుర్తుండదు, అది వేరే సంగతి. చెట్టే పడిపోయేలా ఉండి, చెప్పినా పొరుగాయన పట్టించుకోకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయొచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇదే 133వ సెక్షన్. పడిపోయేలా ఉన్న భవనాలతో పాటు చెట్లను కూడా అందులో పేరు పెట్టి రాశారు.

విద్యుత్ సంస్థ వాళ్లు ఎప్పుడైనా ఎంతైనా కొట్టేయొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ ప్రకారం, తీగకు అడ్డొచ్చే చెట్టును సంస్థ కోరితే మేజిస్ట్రేట్ లేదా ప్రభుత్వం నియమించిన అధికారి తీయించవచ్చు. అదే సెక్షన్‌లో చాలామందికి తెలియని ఇంకో మాట ఉంది. తీగ వేయడానికి ముందే అక్కడ చెట్టు ఉంటే, దాని యజమానికి తగిన పరిహారం ఇప్పించవచ్చు. పాత ఇంటి ఫొటోల్లో తీగ లేకుండా చెట్టు కనబడుతుంటే ఆ ఫొటో దాచిపెట్టుకోవడం మంచిది.

కొమ్మ ఎక్కడ కోయాలి?

అసలు విషయం ఇది. మనిషికి గాయమైతే కొత్త చర్మం వచ్చి మానుతుంది. చెట్టుకు అలా మానదు. దెబ్బ తిన్న భాగం చుట్టూ లోపల గోడ కట్టుకుని, దాన్ని వదిలేసి, పైన కొత్త చెక్క వేసుకుంటూ పోతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి తేల్చారు. అంతకుముందు కోతకు తారు పూయడం, మొదలుకంటా నున్నగా కోయడం మంచిదనుకునేవారు. ఆయన పరిశోధన తర్వాత ఆ రెండూ తప్పని తేలింది. మన దగ్గర తారు పూత ఇంకా నడుస్తూనే ఉంది.

కొమ్మ మానులోకి దిగే చోట మెడ దగ్గర కాలరులా చిన్న ఉబ్బు కనిపిస్తుంది. గోడ కట్టుకునే శక్తి అక్కడే ఉంటుంది. ఆ ఉబ్బును వదిలి, దాని అంచున కోయాలి. ఉబ్బుతో సహా చెక్కేస్తే మాను లోపలికి కుళ్లు దిగుతుంది. జానెడు మొండెం వదిలేస్తే ఆ మొండెం ఎండి, దాని గుండా బూజు దిగుతుంది. లావు కొమ్మను ఒక్క వేటులో కొడితే బరువుకు కిందికి జారుతూ మాను బెరడును మూరెడు పొడవున ఒలిచేస్తుంది. అందుకే మూడు కోతలు: ముందు కొద్ది దూరంలో కింది నుంచి సగం లోపు, ఆ తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మొండేన్ని ఉబ్బు అంచున. దీనికి రంపం కావాలి. గొడ్డలితో ఈ పని అవదు.

గుండు కొట్టిస్తే ఏమవుతుంది? నెలన్నరకే బోలెడు చిగుళ్లు గుబురుగా వస్తాయి. చెట్టు బాగానే ఉంది కదా అనుకుంటాం. ఆ చిగుళ్లు మాను లోపలి నుంచి వచ్చినవి కావు, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గల నుంచి ఆకలితో పుట్టుకొచ్చినవి. పై పొరకు మాత్రమే అతుక్కుని ఉంటాయి. రెండు మూడేళ్లలో చేతి లావు, ఆపైన తొడ లావు అవుతాయి. అతుకు మాత్రం అదే. కింద కోసిన చోట ఈలోగా కుళ్లు మొదలై ఉంటుంది. అప్పుడొచ్చే ఈదురుగాలికి విరగకపోతేనే ఆశ్చర్యం. ఊళ్లో పొలం గట్ల మీద మేకల మేతకు ఏటా వేప, కానుగ కొమ్మలు నరుకుతారు, అవి చావడం లేదుగా అని పెద్దవాళ్లు అంటారు. నిజమే. అక్కడ కొమ్మ విరిగితే గట్టు మీద పడుతుంది. ఇక్కడ కింద హాస్టల్ పిల్లల బైకులు ఉంటాయి.

మూడేళ్లకోసారి గుండు కొట్టించే ఖర్చుకన్నా ఏటా కాస్త కాస్త సవరించుకోవడం చౌక. ఒక్కసారిగా పావు వంతుకు మించి పచ్చదనం తీయకూడదన్నది చెట్ల సంరక్షణ నిపుణులు పాటించే గీత. ముసలి చెట్టుకు ఇంకా తక్కువ.

తీగ వైపు కొమ్మలన్నీ చెక్కేసి, ఇంటి వైపువి వదిలేసిన చెట్లు ఈ పేటల్లో చాలా కనిపిస్తాయి. బరువంతా ఒక వైపే, వేర్లకు మరో వైపు సిమెంటు. అలాంటి చెట్టు ఇంటి మీదికే పడుతుంది. తీగ వైపు వెళ్లే కొమ్మను సగంలో నరకకుండా, దానిలోంచి వేరే దిక్కుకు తిరిగిన చిన్న కొమ్మ దగ్గరికి తగ్గించి కోస్తే ఎదుగుదల అటు మళ్లుతుంది. ఇంకో తప్పు, ఎక్కేవాడు చేతికందిన లోపలి రెమ్మలన్నీ తీసేసి చివర చీపురులా కుచ్చు మిగల్చడం. బరువు చివరికి చేరి, గాలికి ఊపు పెరుగుతుంది.

తురాయి, కొండచింత, ఎర్రపూల ఆఫ్రికన్ తులిప్ తొందరగా పెరిగే మెత్తటి చెట్లు, ముందు చూసుకోవాల్సినవి ఇవే. వేప, కానుగ గట్టివి. కొబ్బరిచెట్టుకు ఎండు మట్టలు, గెలలు తీయించాలి గానీ పచ్చి మట్టలు కొట్టించకూడదు. దానికి ఎదిగే మొవ్వు ఒక్కటే, అది దెబ్బతింటే చెట్టు పోయినట్టే. గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్క వేలెడంత ఉన్నప్పుడే తీసేయండి. పెద్దదయ్యాక కొట్టడానికి కొందరు కూలీలు ఒప్పుకోరు, ఇంట్లో పెద్దవాళ్లూ ఒప్పుకోరు.

వేప గురించి ఓ మాట. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి ఎండిపోవడం చూసి చాలామంది చచ్చిపోయిందనుకుని కొట్టించేశారు. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు, తేయాకు దోమ కూడా తోడైందని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. అప్పట్లో మాడినట్టు కనబడిన చెట్లలో చాలా వరకు మళ్లీ చిగురించాయి. ఎండిన కొసలు తీయించి ఒక వసంతం ఆగి చూడటమే పని.

ఎక్కేది ఎవరు?

నగరంలో చెట్ల పని నేర్చుకుని, నడుముకు బెల్టు, తలకు హెల్మెట్, కొమ్మను తాడుతో మెల్లగా దించే సరంజామా ఉన్న బృందాలు ఇప్పుడు కొన్ని వస్తున్నాయి. ఖర్చు ఎక్కువ. చాలా ఇళ్లకు వచ్చేది మాత్రం అడ్డా కూలీయే. చెప్పులు విప్పి, నడుముకు తాడు చుట్టుకుని, కత్తి దోపుకుని ఎక్కేస్తాడు. అతని నేర్పును తక్కువ చేయలేం. జారితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్న మాట బేరంలో రాదు, అదే బాధ.

బేరంలో ఇంకో ప్రమాదం ఉంది: "డబ్బులొద్దు సార్, కట్టె మేం తీసుకుంటాం." ఇది చవక అనిపిస్తుంది. కట్టె కోసం వచ్చినవాడు ఎండు రెమ్మలను కొట్టడు, లావు కొమ్మలనే కొడతాడు. అతని కూలి అందులోనే ఉంది మరి. కూలి ఇచ్చేయండి, కట్టె సంగతి విడిగా మాట్లాడుకోండి. ఏ కొమ్మలు తీయాలో ముందే సుద్దతో గీత పెట్టి చూపించండి. పని అవుతున్నంతసేపూ కింద ఒక మనిషి ఉండాలి, గల్లీకి రెండు వైపులా తాడు కట్టాలి. కొమ్మల్లో ఇంటర్నెట్ కేబుళ్లుంటే ముందు వాటిని తప్పించమని కేబుల్ వాళ్లకు చెప్పండి. ఏది ప్రాణం లేని కేబులో, ఏది కరెంటు పాకిన తీగో కంటికి తెలియదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాకే స్తంభాల మీది కేబుళ్ల గుట్టలు అందరి కంటా పడ్డాయి.

కొట్టిన కొమ్మలను గేటు బయట పడేస్తే పని అయిపోయినట్టు కాదు. తోట చెత్తను ఇంటివాళ్లే విడిగా ఉంచి, మున్సిపాలిటీ చెప్పినట్టు అప్పగించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. తగలబెడితే రూ.5,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది డిసెంబరులో చెప్పింది. రోజూ వచ్చే చెత్త ఆటోలో కొమ్మలు పట్టవు. నలుగురు ఇళ్లవాళ్లు ఒకే రోజు కొట్టించుకుంటే సర్కిల్ ఆఫీసులో అడిగి ఒక బండిని పిలిపించుకోవడం తేలిక, కాలనీ సంఘం పేరుతో అడిగితే ఇంకా తేలిక.

పడకముందు చూసేదెవరు?

అర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చే 'ట్రీ సిటీ ఆఫ్ ది వరల్డ్' గుర్తింపు 2021లో దేశంలో మొదటగా హైదరాబాద్‌కే వచ్చింది. 2015లో మొదలైన హరితహారంలో మొక్కల లెక్క ఉంది, బతికిన శాతం లెక్క ఉంది. పడిన చెట్టును తీయడానికి దళం ఉంది. పడబోయే చెట్టును ముందుగా చూసి, ఇది ఫర్వాలేదు, ఇది ఈ ఏడే తగ్గించాలి అని చెప్పే మనిషిని మాత్రం ఇంటి యజమాని సొంతంగా వెతుక్కోవాలి. ఈదురుగాలుల ముందు విద్యుత్ సిబ్బంది తీగల వెంట కొట్టుకుంటూ పోతారు, వాళ్లకు కావలసింది తీగ చుట్టూ ఖాళీ. చెట్టు నిలబడుతుందా లేదా అన్నది వాళ్ల పని పత్రంలో ఉండదు. నలుగురి మధ్య కాగితం నడపడానికి వార్డుకు ఒక చెట్ల సూపర్‌వైజరు ఉన్నా ఈ గొడవ సగం తగ్గుతుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు.

అదొచ్చేలోగా ఇంటివాళ్లు కంటితో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదలు దగ్గర మట్టి ఒక వైపు పగిలి లేచిందా, మాను మీద పుట్టగొడుగులు వచ్చాయా, రెండు లావు కొమ్మలు కలిసే చోట నిలువు చీలిక ఉందా, ఈ మధ్యే చెట్టు కొత్తగా ఒరిగిందా. వీటిలో ఏదున్నా గాలివాన దాకా ఆగకూడదు. మొదలును ఆనుకుని పోసిన సిమెంటును కనీసం మీటరు మేర పగలగొట్టించండి. ఢిల్లీ చెట్ల విషయంలో హరిత ట్రిబ్యునల్ 2013లో చెప్పిన కొలత అది. చెట్టు కింద కారు పెట్టక తప్పనివాళ్లు బీమా కాగితం ఓసారి తీసి చూసుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే కొమ్మ పడి పగిలిన అద్దానికి పైసా రాదు.

వేళ గురించి కూడా చెప్పాలి. వేప ఉగాదికి కొత్త చిగురు, పూత వేస్తుంది. దానికి ముందు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కొమ్మలు తీయిస్తే చెట్టు త్వరగా తేరుకుంటుంది, ఎండాకాలానికి నీడ ఉంటుంది, గాలివానకు బరువు తగ్గి ఉంటుంది. పక్షి గూళ్లున్న కొమ్మను పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపండి. లైన్ క్లియర్ అవసరమైనవాళ్లు కాగితం నవంబరులోనే ఇచ్చి పెట్టుకోవాలి. మే నెల మొదటి గాలివాన తర్వాత ఏఈ ఆఫీసు ముందు ఎంత మంది నిలబడతారో అశోక్ నగర్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నడిగినా చెబుతాడు.